బీరువాకి అవతలి పొయ్యి

మా ఊళ్ళో మూడేళ్ళకోసారి వచ్చే అమ్మవారి పండక్కి ఇళ్ళు లెక్కపెట్టరు, పొయ్యిలు లెక్కపెడతారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరుపడి మధ్యలో చాప అడ్డం కట్టుకున్నా సరే, రెండు పొయ్యిలు వెలిగితే అవి రెండు కుటుంబాలే. పొయ్యికో కుండ. పండక్కి ముందు కుమ్మరాయన కొత్త కుండలు బండి మీద వేసుకొచ్చి, ఏ పొయ్యి కుండ ఆ గుమ్మంలో దించి వెళ్తాడు. పండగ రోజు ఆ కుండలో పసుపునీళ్ళు పోసి, వేపమండలు పెట్టి, ఆ పొయ్యి తాలూకు ఆడమనిషి నెత్తిన పెట్టుకుని అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళాలి. దాన్నే మేం ముర్రాట అంటాం. ముర్రాట ఎత్తిన పొయ్యికే ఊళ్ళో మాట చెల్లుతుంది. దారి తగాదా వచ్చినా, పెళ్ళొచ్చినా, చావొచ్చినా కబురు పొయ్యికి వస్తుంది.

కిందటి పండక్కి ఆ బండి మా ఇంటి ముందు ఆగి, ఒకే ఒక్క కుండ వీధి వరండాలో దించి వెళ్ళిపోయింది. వీధి వరండా మా ఆయనది. నా గుమ్మం దొడ్డివైపు ఉంది. అక్కడ కుండ పెట్టలేదు.

అప్పటికి మేమిద్దరం చట్టప్రకారం వేరుపడి ఏడాది దాటింది. విజయనగరం కోర్టు ఇచ్చిన కాగితం నా ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతలో ఉంది. జడ్జిగారు ఒప్పుకున్నారు, ప్రభుత్వం ఒప్పుకుంది, నన్ను కన్న అమ్మ కూడా ఏడ్చి ఏడ్చి ఒప్పుకుంది. మా ఊరు మాత్రం ఒప్పుకోలేదు. ఊరి లెక్కలో నేను ఇంకా ఆయన పొయ్యి దగ్గర కూర్చుని వండిపెట్టే మనిషినే. ఆ దొడ్డిగుమ్మంలో ఖాళీ అరుగు చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ వస్తోంది. మట్టికుండ కోసం ఇంత రభసా అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ కుండ కావాలి. అది రాకపోతే ఆ కాగితం పట్టుచీరకి ముడతలు పడకుండా వేసిన అట్ట ముక్కతో సమానం.

ఇంతవరకూ ఎలా వచ్చిందో చెప్పాలి.

సాలూరు చుట్టుపక్కల ఊళ్ళలో లారీతో సంబంధం లేని కొంప వెతికినా దొరకదు. డ్రైవరో, క్లీనరో, టైర్లకి పంక్చర్లు వేసేవాడో ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. మా ఆయన డ్రైవరు. ఘాటీ రోడ్డెక్కి రాయ్‌పూర్ వైపు లోడు తీసుకుని వెళ్ళేవాడు. పెళ్ళయిన కొత్తలోనే అలా వెళ్ళాడు, ఆ తర్వాత వెళ్ళడమూ రావడమే మా కాపురం. నెలలో నాలుగు పూటలు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ నాలుగు పూటలూ వచ్చిన చుట్టంలా ఉండేవాడు. నేను కోడిని కోయించేదాన్ని, తలంటు పోసేదాన్ని, బట్టలన్నీ ఉతికి ఇస్త్రీ చేయించి సంచీలో సర్దేదాన్ని. మిగతా రోజులన్నీ నావి. అంగన్‌వాడీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆడపిల్లని పెంచుకున్నాను. పక్కింటి అక్క, "మీ ఆయన ఊళ్ళో ఉండడు గదా, నీకేటే, రాణివి" అనేది. ఎవరితోనూ అనలేదు గాని, నిజంగానే రాణిలా ఉన్నాను. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు.

తర్వాత కొండ దగ్గరకొచ్చింది. ఆయనకి షుగరు కళ్ళకి ఎక్కింది. స్టీరింగు పట్టుకుంటే నీ ప్రాణమే కాదు, ఎదుటివాడి ప్రాణమూ పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన సంచీ తెచ్చుకుని ఇంట్లో దిగిపోయాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాపం, ఆ చేతులకి పని లేదు. జాలిపడ్డాను. కొన్నాళ్ళకి జాలి అరిగిపోయింది.

లారీలో క్లీనర్ని ఎలా పిలుస్తారో నాకు ఆయనే నేర్పాడు. "ఒసే, నీళ్ళు." "ఒసే, ఫేను." "ఒసే, ఎటెల్తన్నావు?" మూడోదానికే నా ఒళ్ళు మండేది. కొట్టుకి వెళ్తే ఎటు, కుళాయికి వెళ్తే ఎటు, పక్కింట్లో పసుపు అప్పు తెస్తే ఇంతసేపెందుకు. రోడ్డు మీద బతికిన మనిషి, ఇల్లు ఎలా నడుస్తుందో ఎప్పుడూ చూడని మనిషి, ఇప్పుడు కుర్చీలో కూర్చుని నా నడకకి చెక్‌పోస్టు పెట్టాడు. కళ్ళు మసకేసిన మనిషికి నా విషయంలో మాత్రం లేనిది కూడా కనపడేది.

ఒకరోజు అంగన్‌వాడీకి గుడ్ల వ్యాను వచ్చింది. గుడ్లు దించే మనిషి ట్రేలు లెక్కచెప్పి ఏదో అంటే నవ్వాను. లోపల కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు చాప మీద కూర్చుని ఉన్నారు. ఆయన గుమ్మంలోకి ఎప్పుడొచ్చాడో తెలీదు.

"ఆడెవుడే? గుడ్లు దించడానికి ఇంతసేపేటి? నవ్వుతన్నావు గదా, సూసినాను నాను!"

వ్యాను మనిషి తలదించుకుని వెళ్ళిపోయాడు. తల్లులందరూ నేలచూపులు చూశారు. నేను రోజూ శుభ్రం గురించీ తిండి గురించీ పాఠాలు చెప్పే పిల్లలంతా నా మొహంలోకి చూశారు. ఇంటికొచ్చాక ఆయన "నవ్వుతాలకన్నాను" అన్నాడు. ఆయన కొట్టి ఉంటే ఊరు నా వైపు వచ్చేది. అనుమానపు మాటకి ఒంటి మీద మచ్చ తేలదు కదా, ఎవరికి చూపించను? ఆ సాయంత్రమే నా మనసు విరిగిపోయింది. విరిగింది అన్నమాట నేను తేలిగ్గా వాడను.

సెలవు పెట్టి విజయనగరం బస్సెక్కాను. నాకు దొరికిన లాయరమ్మ మా అమ్మాయి కంటే కాస్త పెద్దదేమో. కష్టం విని, నాకు విడాకులు కావాలా అని అడిగింది. అవునని అనలేకపోయాను. మా అమ్మాయి ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదువుతోంది. దానికి సంబంధాలు చూడాలి. అదొక్కటే కారణం అంటే అబద్ధమవుతుంది. అన్నేళ్ళు తలంటు పోసిన తలని ఒక్క సంతకంతో పరాయిది చేయడానికి నాకు చెయ్యాడలేదు. అలాగని ఆ "ఒసే"కి పలకడం కూడా ఇక నా వల్ల కాదు. అదే చెప్పాను.

"అయితే జ్యుడీషియల్ సెపరేషన్ అడుగుదాం అమ్మా" అంది లాయరమ్మ. "పెళ్ళి ఉంటుంది. కాపురం చేయాల్సిన పని ఉండదు. ఏడాది దాటినా మీరు కలవకపోతే, అప్పుడు విడాకులు కావాలంటే అడగొచ్చు. వద్దనుకుంటే అలాగే ఉండొచ్చు. మీరు ఎక్కడికి మారతారు?"

అక్కడే వచ్చింది చిక్కు. మేమెక్కడికీ మారలేం. ఇంటి స్థలం పట్టా నా పేరున ఉంది, ప్రభుత్వం ఆడవాళ్ళ పేరునే ఇచ్చింది. దాని మీద లేచిన స్లాబు ఆయన ఘాటీ రోడ్డు మీద నిద్రకాచి తెచ్చింది. నా నేల మీంచి నువ్వు వెళ్ళు అని నేను అనలేను, నా కప్పు కిందనుంచి నువ్వు వెళ్ళు అని ఆయనా అనలేడు. ఒకే కప్పు కింద ఉన్నా వేరుగా ఉన్నట్టే బతికితే చట్టం ఒప్పుకుంటుందని లాయరమ్మ చెప్పింది. కాకపోతే నిజంగా వేరుగా ఉండాలి. పడక, వంట, ఉతుకు, రాకపోకలు, అన్నీ.

ఊరొచ్చి ఇల్లు పంచాను. ముందు గదీ వీధి వరండా ఆయనకి. వెనక గదీ వంటిల్లూ నాకు. రెండు గదుల మధ్య గుమ్మానికి తలుపు లేదు, పరదా మాత్రమే ఉండేది. నా పెళ్ళికి మా నాన్న ఇచ్చిన ఇనప బీరువాని నేనూ పక్కింటి అక్కా తోసుకుంటూ వచ్చి ఆ గుమ్మంలో అడ్డం పెట్టాం. టీవీ ఆయనకి, ఫ్రిజ్ నాకు. బాత్రూము దొడ్లో ఉంది కాబట్టి పొద్దున్న ముందు నేను, తర్వాత ఆయన. బీరువా గోడకి సరిగ్గా ఆనలేదు. పక్కన బెత్తెడు సందు మిగిలింది. ఆ సందులోంచి గాలీ మాటా వాసనా అన్నీ వచ్చేవి, మనిషి మాత్రం రాలేడు. ఊళ్ళో దీనికి "సగం ఇడాకులు" అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో మావాళ్ళకి సాటి లేరు.

కోర్టులో జడ్జిగారు కళ్ళజోడు మీంచి నన్ను చూసి, "ఒకే ఇంట్లో ఉంటూ వేరుగా ఉంటున్నామంటే ఎలాగమ్మా?" అని అడిగారు.

"పొయ్యి వేరండి" అన్నాను. మా ఊళ్ళో అయితే ఆ ఒక్కమాట చాలు. అక్కడ చాలలేదు. లాయరమ్మ అంగన్‌వాడీ సంగతి అంతా చెప్పింది, పక్కింటి అక్క వచ్చి సాక్ష్యం చెప్పింది. వేరుగా ఉంటున్నారన్న దగ్గర మాత్రం ఇంకా ఏదో తేలలేదు. అప్పుడు ఆయన లేచాడు. లాయరెందుకు, నాకు నోరు లేదా అని ఒంటరిగా వచ్చాడు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని.

"అయ్యా, ఆవిడి నాకు కూడెట్టదు. గుడ్డలుతకదు. జొరమొచ్చి మూలిగినా తలుపు తియ్యదు. దొడ్డిదారిన వస్తాది, దొడ్డిదారిన పోతాది. పలకరిస్తే పలకదు. అడగండి మరి!"

లాయరమ్మ నవ్వు కనపడకుండా తల కిందికి వంచుకుంది. నా మీద ఆయన చేసిన ఫిర్యాదే నా వైపు సాక్ష్యమై కూర్చుంది. జ్వరం మాట నిజమే. బీరువా జరపలేదు, మందులూ ఆశా కార్యకర్తనీ మాత్రం వీధి గుమ్మానికి పంపించాను. ఆ సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఒకే బస్సెక్కాం, వేరే బస్సు లేదు. ఆయన ముందు సీట్లో, నేను వెనక. రామభద్రపురం దగ్గర ఆయన జామకాయలు కొని, ఒకటి వెనక్కి చాపబోయి, మళ్ళీ చెయ్యి లాక్కున్నాడు.

కాగితం వచ్చింది. ఇక నా కోపమంతా ఆరిపోతుందనుకున్నాను. ఆరకపోగా కొత్త కోపం ఒకటి పుట్టింది, దానికి కారణం బీరువా సందులోంచి వచ్చిన వాసన.

ఆయన ముందు గదిలో చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకున్నాడు. అన్నం మాడుతుంది, పప్పు ఉడకదు, నాలుగు రోజుల్లో హోటలు పార్సిళ్ళకి దిగుతాడు అనుకున్నాను. మొదటిరోజే ఉల్లిపాయ వేగిన వాసన వచ్చింది. తర్వాత వెల్లుల్లి. తర్వాత ఎండు నెత్తళ్ళూ వంకాయా చింతపండు పులుసులో దగ్గరపడుతున్న వాసన. నేను గరిట చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయాను. లారీ డ్రైవర్లు దారిలో చెట్టు కింద స్టవ్ పెట్టుకుని వండుకుంటారని నాకు తెలియక కాదు. మా ఆయన కూడా ఆ మనుషుల్లో ఒకడన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. నాకంటే బాగా వండుతాడు. నాకు కామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు, పురుడొచ్చి పచ్చి ఒంటితో ఉన్నప్పుడు, ఈ మనిషి ఇదే ఇంట్లో కూర్చుని "ఒసే, కూడెట్టు" అన్నాడు. వంట రాని మొగుణ్ణి క్షమించగలను. వచ్చి కూడా రానట్టు కూర్చున్నవాణ్ణి ఎలా క్షమించను? ఆ పూట నేను తినలేకపోయాను.

ఊళ్ళో మాత్రం ఆయన ఏమీ జరగనట్టే ఉండేవాడు. టీకొట్టు దగ్గర "మా ఇంటిది పులుసెట్టింది, కుమ్మీసినాను" అని తను వండుకున్న దాన్ని నా ఖాతాలో వేసేవాడు. సాలూరు నుంచి పాత లారీ స్నేహితులు వస్తే, బీరువా వైపు తిరిగి "ఒసే, మూడు టీ ఎట్టు" అని కేకేసేవాడు. నేను పలికేదాన్ని కాదు. కాసేపయ్యాక "తలనొప్పని పడుకున్నాది" అని వాళ్ళతో చెప్పి, తనే లేచి టీ పెట్టేవాడు. సందులోంచి యాలకుల వాసన వచ్చేది.

మా అమ్మాయి ఎచ్చెర్ల నుంచి ఫోను చేసి అడిగింది. "అమ్మా, శనివారం వస్తన్నాను. ఏ గుమ్మంలోంచి రావాల?"

"నా గుమ్మంలోంచే" అన్నాను కటువుగా. అది సరేనని ఫోను పెట్టేసింది. ఆ శనివారం రాలేదు, పరీక్షలన్నది.

అలాంటప్పుడు వచ్చింది ఆ కుండ.

బండి వెళ్ళిపోయిన కాసేపటికి బీరువా మీద వేలితో కొట్టిన చప్పుడయింది.

"కుండొచ్చినాది" అన్నాడు ఆయన.

"ఎవులి కుండ?"

"మనదే."

"మనది అన్నది నేదు" అన్నాను. "నీ గుమ్మంలో ఉన్నాది, నీదే. నా కుండ నాకొస్తాది."

"రెండోది ఎవులిస్తారే నీకు?" అన్నాడు. వెక్కిరింపులా అనలేదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. ఆయన చాలాసేపు అక్కడే నిలబడి ఉన్నాడని అడుగుల చప్పుడు లేకపోవడాన్ని బట్టి తెలిసింది.

మర్నాడు పొద్దున్న రామమందిరం దగ్గర పండగ ఏర్పాట్లకి పెద్దలు కూర్చున్నారు. అక్కడికి ఆడవాళ్ళు సాధారణంగా వెళ్ళరు, వెళ్ళినా తలుపు చాటున నిలబడతారు. నేను వెళ్ళి మధ్యలో నిలబడ్డాను. పెద్దాయన నాకు వరసకి మావయ్య. నా పెళ్ళినాడు మా నాన్నకి భరోసా ఇచ్చి కూర్చోబెట్టిన మనిషి.

"నా పొయ్యికి కుండ రాలేదు మావా" అన్నాను.

"నీ పొయ్యేటి కోడలా? మొగుడూ పెళ్ళం ఒక కప్పు కింద ఉంటే అదొకటే పొయ్యి. ఇచ్చినాం గదా కుండ."

"కోర్టు మమ్మల్ని ఏరన్నాది."

"కోర్టు ఇజీనగరంలో ఉన్నాది. అమ్మోరు ఇక్కడున్నాది" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మాట బాగుంది కదా మరి, ఎవరైనా ఊపుతారు.

నాకు చిర్రెత్తింది. "మావా, నీ పెద్దోడూ సిన్నోడూ ఒకే సావిట్లో సాప అడ్డం కట్టుకుని ఉన్నారు. ఆలకి రెండు కుండలిచ్చినారు. నాను బీరువా అడ్డం ఎట్టుకుంటే ఒకటేనా? సాప కన్నా బీరువా తేలికేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. కాస్త ఆలోచించి, మెల్లగానే అన్నాడు. "అన్నదమ్ములు పుట్టుకతోనే ఏరు తల్లీ, పెళ్ళాలొచ్చేసరికి బయటపడతారు. మొగుడూ పెళ్ళం ఏరవడమన్నది ఈ ఊరికి తెలీదు. రేపు నీకిస్తే ఎల్లుండి ఇంకొకర్తి వస్తాది. నా ఒక్కడి మాట మీద అవదు. నీ మొగుడొచ్చి సెప్పమను. ఆడు ఏరంటే ఏరే."

కోర్టులో నా మాట చెల్లింది, ఇక్కడ మళ్ళీ ఆయన నోటికి కట్టేశారు నన్ను. ఊరందరి ముందు ఏడాదిపాటు నా పేరుతో టీ కాచుకున్న మనిషి, కాపురం ఉందని నమ్మించడానికి తలనొప్పులు కల్పించిన మనిషి, వచ్చి ఏరని చెప్తాడా? కుండ మాట మర్చిపోవడమే మంచిదని వెనుదిరిగాను.

ఆయన అక్కడే ఉన్నాడు. వెనక స్తంభానికి ఆనుకుని, నల్లకళ్ళద్దాలతో. నా వెనకే వచ్చి ఉంటాడు. నేను చూడలేదు.

"మాయి రెండు పొయ్యిలే" అన్నాడు.

తలలన్నీ అటు తిరిగాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆవిడి సేతి కూడు తిని ఎన్నాళ్ళయిందో నాకే గురుతు నేదు. టీకొట్టు కాడ సెప్పినయన్నీ ఉత్తివే. నా కూడు నానే వొండుకుంటన్నాను. ఆవిడి కుండ ఆవిడికి ఇచ్చీయండి."

పెద్దాయన తల ఎత్తి ఆయన వైపే చూశాడు. "మరి నీ కుండ ఎవులెత్తుతారురా?"

"నానే ఎత్తుతాను."

"మగోడివి, ముర్రాటేటిరా..."

"నా పొయ్యికి ఇంకెవులున్నారు పెదనాన్నా?" అన్నాడు ఆయన.

ఆ మాటతో నాకు కావలసింది దొరికింది. గెలిచినట్టు ఉండాలి. అలా అనిపించలేదు. నా కోసం ఆ మనిషి చేసిన మంచి పనుల్లో ఇంత పెద్దది ఇంకోటి లేదు. ఎందుకు చేశాడో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. రాత్రంతా ఆ ఒక్క కుండ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే, దాన్ని ఎత్తేవాళ్ళు ఎవరూ లేరన్న సంగతి ఆయనకి తెలిసొచ్చి ఉంటుంది. అంతకు మించి నాకు తోచదు. మధ్యాహ్నానికల్లా నా దొడ్డిగుమ్మంలో కుండ ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఎవరి మీద కోపంతో ఏడ్చానో, ఎవరి మీద జాలితో ఏడ్చానో వేరుచేసి చెప్పలేను.

పండగనాటికి మా అమ్మాయి వచ్చింది. ఏ గుమ్మమూ ఎక్కకుండా నేరుగా పక్కింటి అక్క ఇంట్లో సంచీ పెట్టుకుంది. నేనేమీ అనలేదు. తప్పెవరిదైనా దానిది మాత్రం కాదు.

పొద్దున్న నేను కుండ కడిగి బొట్లు పెడుతుంటే, సందులోంచి గొంతు వచ్చింది.

"పసుపెంత కలపాల?"

"గుప్పెడు."

"మండలు ముందెట్టాలా, నీళ్ళు ముందు పొయ్యాలా?"

"నీళ్ళు ముందు. నిండా పొయ్యకు, తొణుకుతాది. తుండుగుడ్డ సుట్ట చేసి నెత్తి మీదెట్టుకో."

"ఊఁ" అన్నాడు. మేమిద్దరం పోట్లాడకుండా మాట్లాడుకున్న మాటలు ఏడాదిలో అవే. చేసుకున్నది వేరుపడడానికి ఏర్పాటు, మాట్లాడుకున్నది మాత్రం కాపురం చేసేవాళ్ళలాగే.

డప్పులు మొదలయ్యాయి. పొయ్యిల వరసనే కుండలు నడుస్తాయి కాబట్టి మా రెండు కుండలూ పక్కపక్కనే వచ్చాయి. ముందు నేను, వెనక ఆయన. ముర్రాట ఎత్తినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు, అది మా ఊరి కట్టు. కాబట్టి నేను ఆయన్ని చూడలేదు. విన్నాను. అరుగుల మీది ఆడవాళ్ళు "ఓలమ్మో, లారీ డ్రైవరు ముర్రాటెత్తినాడే!" అని నవ్వడం విన్నాను. ఎవరో ముసలామె "నవ్వకండే, అమ్మోరి కుండది" అని కసరడం విన్నాను. వెనక నీళ్ళు తొణకడం, ఆయన ఆయాసం, చెప్పుల్లేని కాళ్ళు దారి వెతుక్కుంటూ నేలకి రాసుకోవడం విన్నాను. నా పాదాలు మామూలుకన్నా నెమ్మదిగా నడిచాయి. ముందు కుండకీ నాకూ మధ్య ఎడం పెరిగిపోతోందని డప్పాయన కేకేశాడు కూడా.

అమ్మవారి గద్దె ముందు కాలవ ఉంది, దాని మీద రాతిపలక, పలక దాటగానే మెట్టు. నేను ఎక్కాను. ఆయనకి అది కనపడదని నాకు తెలుసు. వెనక్కి తిరగకుండానే అన్నాను.

"పలక దాటినాక మెట్టున్నాది."

"ఆఁ" అన్నాడు.

గద్దె దగ్గర పూజారి ఒక్కొక్క కుండనీ ఆపి అడుగుతాడు. "ఎవులి పొయ్యి?" పెళ్ళయిన దగ్గర్నుంచి ప్రతి పండక్కీ నేను అత్తవారి ఇంటిపేరు చెప్పాను. ఆ మాటకి ఆలోచన అక్కర్లేదు, నోరే చెప్పేస్తుంది. ఈసారి అడగ్గానే నా నోరు మూసుకుపోయింది. పూజారి ఇంకోసారి అడిగాడు. అప్పుడు నా పేరు చెప్పాను. నా ఒక్కదాని పేరు. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఆ పేరునే గట్టిగా పలికి, నా కుండ అందుకుని అమ్మవారి పాదాల మీద పోశాడు. నా పేరు అంత గట్టిగా ఊరి మధ్యలో వినపడడం అదే మొదలు.

పోసేశాక వెనక్కి చూడొచ్చు. చూశాను. ఆయన కుండలో నీళ్ళు సగం కూడా మిగల్లేదు. తెల్లచొక్కా అంతా పసుపు. నల్లకళ్ళద్దాల మీంచి పసుపునీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఎవులి పొయ్యి?" అన్నాడు పూజారి.

"నాది" అన్నాడు ఆయన. పూజారి అడక్కుండానే, గద్దె వైపు మొహం తిప్పి చెప్పాడు. "నా ఒక్కడిదే తల్లీ. ముందెల్లినావిడిది ఏరు."

జడ్జిగారు చదివి వినిపించినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఈ మాట అమ్మవారి ముందు, ఆ గొంతుతో వినేసరికి నా కాపురం అయిపోయిందని అప్పుడు తెలిసింది. నేను కోరుకున్నదే. నేను కోర్టు దాకా వెళ్ళి, ఊరితో దెబ్బలాడి తెచ్చుకున్నదే. అయినా దుఃఖం ఆగలేదు. అందరూ అమ్మవారి పూనకమనుకుని నాకు దారి వదిలారు.

ఇంటికొచ్చాం. ఆయన వీధి గుమ్మం ఎక్కాడు. నేను ఇంటి పక్క సందులోంచి దొడ్డివైపు తిరిగాను. మా అమ్మాయి పక్కింట్లోంచి సంచీ తెచ్చుకుని, రెండు గుమ్మాలకీ మధ్య సందు మొదట్లో నిలబడిపోయింది.

"అమ్మా, ఎటు రావాల?"

"ముందు మీ నాన్న కాడికెల్లు" అన్నాను. "నీళ్ళన్నీ ఒంటి మీదే పోసుకున్నాడు. తల తుడు."